రాళ్ల మీద మంచు గీతలు



ఐసుగడ్డను మీరంతా చూసే ఉంటారు. చేపల బుట్టలో చూసి ఉంటారు. సోడా బండి మీద చూసి ఉంటారు. దాని మీద రంపపు పొట్టు పోసి, గోనెసంచి కప్పి దాస్తారు. అయినా అది నిలవదు. పొద్దెక్కేసరికి కరిగి నీళ్లయిపోతుంది.

అలాంటి ఐసు ఒక ఊరంతా పరుచుకుంటే ఎలా ఉంటుంది? ఊరు కాదు, దేశానికి దేశమే దాని కింద మునిగిపోతే? చెట్లూ కొండలూ ఏవీ కనిపించకుండా పోతే? ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, వేల ఏళ్లు ఆ ఐసు కరగకుండా ఉంటే?

ఇది కట్టుకథ కాదు. నిజంగా జరిగింది. సుమారు 20 వేల ఏళ్ల కిందట ఐరోపా ఖండం ఉత్తర భాగమూ, అమెరికా ఖండం ఉత్తర భాగమూ ఇలాగే మంచు కింద ఉండేవి. ఆ కాలాన్ని మంచుయుగం అంటారు.

మీకు ఒక అనుమానం రావచ్చు. 20 వేల ఏళ్ల కిందటి సంగతి ఎవరు చూశారు? ఎవరు రాసిపెట్టారు? అప్పటికి మనుషులున్నారు కానీ రాత లేదు. మరి మనకెలా తెలిసింది?

రాళ్లు చెప్పాయి. రాళ్లు చెప్పిన సంగతిని మొదట్లోనే గుర్తుపట్టిన వాళ్లలో ఒకాయన పండితుడు కాదు. కొండ ఊళ్లో ఉండే వడ్రంగి. ముందు ఆయన సంగతి తెలుసుకుందాం.

వడ్రంగి చూసిన గీతలు

ఐరోపాలో స్విట్జర్లాండ్ అనే చిన్న దేశం ఉంది. ఆ దేశం నిండా ఆల్ప్స్ అనే పెద్ద కొండలు. ఆ కొండల నెత్తిన ఎండాకాలంలో కూడా మంచు ఉంటుంది. అక్కడ వాలే అనే రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రంలో, రెండు కొండల నడుమ ఒక లోయలో, లూర్తియే అనే పల్లె ఉంది.

ఆ పల్లెలో 1767లో జాన్ పియర్ పెరోదాన్ అనే ఆయన పుట్టాడు. వడ్రంగం చేసేవాడు. కొండల్లో వేటకు పోయేవాడు. కొత్తవాళ్లు వస్తే కొండదారులు చూపేవాడు. ఆ కొండల్లో ఆయనకు తెలియని రాయి లేదు.

కొండ మీద మంచు ఉన్న చోట పెరోదాన్ ఒక సంగతి గమనించాడు. మంచు అంచు కొంచెం వెనక్కి పోయినప్పుడు కింది బండ బయటపడుతుంది. ఆ బండ నున్నగా ఉంటుంది. దాని మీద పొడుగ్గా గీతలు ఉంటాయి. గీతలన్నీ ఒకే వైపుకు, లోయ దిగే వైపుకు ఉంటాయి.

తర్వాత ఆయన కిందికి దిగి వచ్చాడు. ఇప్పుడు మంచు అనేదే లేని చోట, ఊరి దగ్గర బండలు చూశాడు. వాటి మీదా అవే గీతలు! లోయ పొడుగునా పెద్ద పెద్ద రాళ్లు పడి ఉన్నాయి. అవి అక్కడి రాళ్లలాంటివి కావు. చాలా ఎగువన ఉండే కొండరాళ్లలాంటివి.

పెరోదాన్ ఆలోచించాడు. పైన ఈ గీతలు మంచు వల్ల పడ్డాయి. అవే గీతలు కిందా ఉన్నాయి. అంటే ఒకప్పుడు మంచు కింది దాకా వచ్చి ఉండాలి. ఈ లోయంతా మంచుతో నిండి ఉండాలి. ఈ రాళ్లను మోసుకొచ్చింది ఆ మంచే అయి ఉండాలి.

ఆయన అన్నది ఇంతే. కానీ అప్పటిదాకా ఇలా అన్నవాళ్లు చాలా తక్కువ.

మంచు నడుస్తుందా?

ఇక్కడ కాసేపు ఆగుదాం. మంచు రాళ్లను మోసుకురావడం ఏమిటి? మంచు నడుస్తుందా?

నడుస్తుంది. ఎత్తయిన కొండల మీద చలికాలంలో మంచు కురుస్తుంది. ఎండాకాలంలో కొంత కరుగుతుంది, కొంత మిగులుతుంది. మరుసటి ఏడు దాని మీద మళ్లీ కురుస్తుంది. ఇలా పొర మీద పొర పడుతుంది. పై పొరల బరువుకు కింది మంచు గట్టిపడి ఐసు అవుతుంది. అది వందల అడుగుల మందం పెరిగినప్పుడు తన బరువు తానే ఆపుకోలేదు. మెల్లగా వాలుకు జారుతుంది. చల్లారిన బెల్లం పాకం పళ్లాన్ని వంచితే ఎలా జరుగుతుందో అలా జరుగుతుంది. మన కంటికి కదిలినట్టు కనిపించదు. కానీ ఏడాది తర్వాత చూస్తే చాలా అడుగులు ముందుకు వచ్చి ఉంటుంది.

ఇలా నడిచే మంచును హిమానీనదం అంటారు. అంటే మంచునది. మన హిమాలయాల్లో కూడా మంచునదులు ఉన్నాయి. గంగ పుట్టేది గంగోత్రి అనే మంచునది దగ్గరే.

మరి గీతలెలా పడతాయి? ఇంట్లో ఇనప పెట్టెను గచ్చు మీద లాగి చూడండి. పెట్టె కింద ఇసుక గింజ చిక్కితే గచ్చు మీద గీత పడుతుంది. మంచునది అడుగున కూడా ఇలాగే రాళ్లు, ఇసుక చిక్కుకుని ఉంటాయి. పైన కొండంత బరువు. అది జరుగుతుంటే కింది బండ మీద గీతలు పడతాయి. సన్న ఇసుక రాసుకుని బండ నున్నబడుతుంది.

వరద తెచ్చిందా? మంచు తెచ్చిందా?

ఆ రోజుల్లో చదువుకున్న వాళ్లు చాలామంది వేరేగా అనుకునేవారు. ఎప్పుడో మహా ప్రళయం వచ్చిందనీ, ఆ వరదనీళ్లే రాళ్లను కొట్టుకొచ్చి పడేశాయనీ చెప్పేవారు.

వరద తెచ్చిందో, మంచు తెచ్చిందో తేల్చడం ఎలా? ఇది చేటతో చెరిగే వాళ్లకు సులువుగా అర్థమవుతుంది.

మనం బియ్యం చెరుగుతాం. ఊక ముందుకు ఎగిరిపోతుంది. నూకలు ఒక పక్కకు చేరుతాయి. గట్టి గింజలు చేటలో నిలుస్తాయి. బరువును బట్టి దేనికది వేరవుతుంది. పారే నీళ్లు కూడా ఇలాగే చెరుగుతాయి. వాగు జోరు తగ్గేకొద్దీ మొదట పెద్ద రాళ్లను వదిలేస్తుంది. తర్వాత గులకరాళ్లను, ఆ తర్వాత ఇసుకను వదులుతుంది. చివరికి ఒండ్రుమట్టిని వదులుతుంది. దేని చోటు దానిది.

మంచుకు చెరగడం తెలియదు. ఇంటి ఎత్తు బండనూ, గుప్పెడు మట్టినీ కలిపే మోస్తుంది. కరిగిన చోట రెండింటినీ కలిపే దించేస్తుంది. అందుకే మంచునది వదిలిన కుప్పలో బండ పక్కన మట్టి, మట్టి పక్కన గులకరాయి, అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఆల్ప్స్ కొండల లోయల్లో ఉన్న కుప్పలు ఇలాంటివే.

పైగా అక్కడి బండలు చిన్నవి కావు. వాలే రాష్ట్రంలోనే మోంతే అనే ఊళ్లో ఒక బండ ఉంది. దాని మీద ఒక చిన్న ఇల్లే కట్టారు! అది ఆ ఊరి రాయి కాదు. దూరాన ఉన్న మోంబ్లాన్ అనే మంచుకొండ వైపు నుంచి వచ్చిన రాయి. అంత బండను అంత దూరం నీళ్లు మోయలేవు.

పట్టించుకోని మాట

1815లో షార్పాంత్యే అనే అధికారి కొండల మీదికి వచ్చాడు. ఆయన ఉప్పు గనులకు పెద్ద. రాళ్ల గురించి బాగా చదువుకున్నవాడు. ఒక రాత్రి పెరోదాన్ గుడిసెలో ఉన్నాడు. మాటల్లో పెరోదాన్ తాను అనుకున్నది చెప్పాడు. "ఒకప్పుడు ఈ లోయంతా మంచే ఉండేదయ్యా" అన్నాడు.

షార్పాంత్యే నమ్మలేదు. ఇది విచారించాల్సినంత మాట కాదనుకున్నాడు. ఈ సంగతిని తర్వాత తన పుస్తకంలో తానే దాచకుండా రాసుకున్నాడు.

మూడేళ్లు గడిచాయి. 1818లో ఆ లోయకు పెద్ద ఆపద వచ్చింది. పైనున్న జియెత్రో అనే మంచునది నుంచి ఐసు విరిగి కింద నదిలో పడింది. నదికి అడ్డంగా ఐసుకట్ట ఏర్పడింది. దాని వెనక నీళ్లు నిలిచి చెరువైంది. రోజురోజుకూ నీళ్లు పెరుగుతున్నాయి. కట్ట తెగితే కింది ఊళ్లు ఏమవుతాయి?

ప్రభుత్వం వెనెట్స్ అనే ఇంజనీరును పంపింది. ఆయన కూలీలను పెట్టి ఐసుకట్టలో సొరంగం తవ్వించాడు. రాత్రనక పగలనక తవ్వారు. సొరంగం గుండా కొన్ని నీళ్లు పోయాయి. చెరువు కొంత తగ్గింది. కానీ జూన్ 16న కట్ట తెగింది. నీళ్లు లోయ మీద పడ్డాయి. ఇళ్లు, వంతెనలు, పశువులు కొట్టుకుపోయాయి. దాదాపు 40 మంది చనిపోయారు. ముందుగా నీళ్లు తీయకపోతే ఇంకా ఎంతమంది పోయేవారో!

ఆ పనుల మీద వచ్చినప్పుడు వెనెట్స్ కూడా పెరోదాన్ మాట విన్నాడు. ఆయన తోసిపుచ్చలేదు. ఏళ్ల తరబడి తిరిగి లోయలన్నీ చూశాడు. గీతలు చూశాడు. మట్టికుప్పలు చూశాడు. వడ్రంగి చెప్పింది నిజమే అన్నాడు. 1829లో పండితుల సభలో ఆ మాట చెప్పాడు. సభలో చాలామంది ఒప్పుకోలేదు. అయితే వెనెట్స్ చూపిన ఆధారాలు చూశాక షార్పాంత్యే మనసు మార్చుకున్నాడు. ఒకప్పుడు తాను నమ్మని మాటను తానే చెప్పడం మొదలుపెట్టాడు.

1834లో షార్పాంత్యే ఇదే సంగతి మీద సభలో చదవడానికి కాగితం రాసుకుని కొండదారిన పోతున్నాడు. దారిలో కట్టెలు కొట్టే ఒకతను కలిశాడు. దారి పక్కన ఒక పెద్ద రాయి ఉంది. "ఇది గ్రిమ్సెల్ కొండ రాయి. అక్కడి మంచునది దీన్ని తెచ్చింది. ఒకప్పుడు ఆ మంచు చాలా దూరం వచ్చేది" అన్నాడు ఆ కట్టెలు కొట్టేవాడు. "నీళ్లు తెచ్చిన రాయి కాదు ఇది. నీళ్లే తెచ్చుంటే దారిలో ఉన్న సరస్సు ముందు పూడిపోయేది కదా!" అని కారణం కూడా చెప్పాడు.

పండితులు సభల్లో వాదించుకుంటున్న సంగతి కొండ మీద బతికేవాళ్లకు అప్పటికే తెలుసు. అడిగినవాళ్లు లేరు, అంతే.

1836లో షార్పాంత్యే లూయీ అగస్సీ అనే శాస్త్రవేత్తకు ఆ లోయలు తిప్పి చూపించాడు. అగస్సీ కూడా మొదట నమ్మకుండానే వచ్చాడు. రాళ్లను చూసి నమ్మాడు. 1837లో శాస్త్రవేత్తల సభలో మాట్లాడాడు. ఒక్క లోయ కాదు, ఐరోపాలో చాలా భాగం మంచు కింద ఉండేదని చెప్పాడు. 1840లో పుస్తకం అచ్చు వేశాడు. అప్పుడు లోకం వినడం మొదలుపెట్టింది. పేరు ఎక్కువగా అగస్సీకే వచ్చింది. పెరోదాన్ మాత్రం తన పల్లెలోనే ఉన్నాడు. 1858లో చనిపోయాడు.

అప్పుడు భూమి ఎలా ఉండేది?

ఆ తర్వాత చాలా దేశాల్లో చాలామంది వెతికారు. అమెరికాలోనూ అవే గీతలు దొరికాయి. ఇప్పుడు మనకు చాలా సంగతులు తెలుసు.

20 వేల ఏళ్ల కిందట కెనడా దేశం దాదాపు అంతా మంచు కింద ఉండేది. ఇప్పుడు న్యూయార్క్ నగరం ఉన్న చోట కూడా మంచే. ఐరోపాలో నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల మీద మంచే. కొన్ని చోట్ల ఆ మంచు మందం 3 కిలోమీటర్లు! పెరోదాన్ ఊరున్న వాలే రాష్ట్రంలో పెద్ద లోయ నిండా కిలోమీటరుకు పైగా మంచు ఉండేది. ఆయన అనుకున్న దానికన్నా నిజం పెద్దదే అయింది.

అంత మంచుకు నీళ్లు ఎక్కడివి? సముద్రం నీళ్లే. సముద్రం నీళ్లు ఆవిరై మబ్బులవుతాయి. వానగా కురిస్తే వాగులు పారి మళ్లీ సముద్రంలో కలుస్తాయి. మంచుగా కురిసి నేల మీదే నిలిచిపోతే సముద్రానికి తిరిగి రావు. అలా వేల ఏళ్లు జరిగింది. సముద్రమట్టం 120 మీటర్లు, అంటే సుమారు 400 అడుగులు తగ్గింది. ఆరేడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత!

అప్పుడు మన దేశం నుంచి శ్రీలంకకు నడిచి పోవచ్చు. మధ్యలో సముద్రం లేదు, నేలే. మన కోస్తా ఒడ్డు కూడా ఇప్పటికన్నా చాలా దూరాన ఉండేది. ఇప్పుడు మన బెస్తవాళ్లు వలలు వేసే చోట కొంత మేర అప్పుడు పొడి నేల.

మన నేల మీద మంచు లేదు. కానీ చలికాలం మన జోలికి రాలేదని కాదు. గాలి చల్లబడితే దానిలో తేమ తగ్గుతుంది. అందుకే మనకు వానలు తెచ్చే రుతుపవనాలు బలహీనపడ్డాయి. వానలు తగ్గాయి. ఆ కాలంలోనూ ఇక్కడ మనుషులు బతికారు. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర కొండ చరియ కింద వాళ్లు చేసుకున్న చిన్న చిన్న రాతి పనిముట్లు దొరికాయి. అవి సుమారు 35 వేల ఏళ్ల కిందటి నుంచి వాడినవి.

ఇంత మార్పు రావడానికి భూమి ఎంత చల్లబడిందో తెలుసా? భూమి మొత్తం మీద సగటున 5, 6 డిగ్రీలు మాత్రమే. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీనితో పని ఉంది.

మంచు చెక్కిన నేల

మంచు పోయినా అది చేసిన పని పోలేదు.

నది కోసిన లోయ గరాటులా ఉంటుంది. పైన వెడల్పు, కింద సన్నం. మంచు కోసిన లోయ కుడితి తొట్టిలా ఉంటుంది. అడుగు వెడల్పు, పక్కలు నిటారు. నార్వేలో ఇలాంటి లోయల్లోకి సముద్రం నీళ్లు వచ్చాయి. ఇప్పుడు వాటిలో పెద్ద ఓడలు తిరుగుతున్నాయి.

అమెరికా, కెనడా దేశాల నడుమ సముద్రాల్లాంటి 5 మంచినీటి సరస్సులు ఉన్నాయి. ఆ పల్లాలను లోతుగా తవ్వింది మంచే. కరిగిన నీటితో వాటిని నింపిందీ మంచే.

ఇంకో వింత ఉంది. దూది పరుపు మీద కూర్చుంటే అది అణుగుతుంది. లేస్తే మెల్లగా పైకి వస్తుంది. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల నేల కూడా మంచు బరువుకు అణిగింది. మంచు కరిగి 10 వేల ఏళ్లు దాటినా అక్కడి నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. కొన్ని చోట్ల ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు లేస్తోంది. వందేళ్లకు సుమారు మూడు అడుగులు! స్వీడన్‌లో లూలియో అనే ఓడరేవు ఊరు ఉంది. నేల లేచి, నీటి లోతు తగ్గి, ఓడలు రాలేకపోయాయి. చివరికి 1649లో ఊరినే సముద్రం వైపు మార్చుకున్నారు. ఎందుకిలా అవుతోందో అప్పుడు వాళ్లకు తెలియదు.

మంచుయుగం ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్న మీద పట్టుబట్టి పనిచేసిన వాళ్లలో జేమ్స్ క్రాల్ ఒకడు. స్కాట్లండ్‌లో 1821లో పేదింట్లో పుట్టాడు. 13 ఏళ్లకే బడి మానేశాడు. రకరకాల పనులు చేశాడు. 1859లో గ్లాస్గో నగరంలో ఒక విద్యాసంస్థ మ్యూజియంలో కాపలా, ఊడ్చే పనికి చేరాడు. అక్కడ పుస్తకాలు ఉన్నాయి. పని అయ్యాక కూర్చుని చదివేవాడు. అలా చదివి, లెక్కలు వేసి, 1864లో మంచుయుగాల గురించి వ్యాసం రాశాడు. అది చదివి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు.

ఆయన చెప్పింది ఏమిటి? భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. బొంగరం తిరుగుతూ తల ఊపుతుంది కదా! భూమి కూడా అలాగే చాలా నెమ్మదిగా తల ఊపుతుంది. దాని ఒరుగు కొంచెం పెరుగుతుంది, తగ్గుతుంది. తిరిగే దారి కూడా కొంచెం మారుతుంది. ఈ మార్పులకు వేల ఏళ్లు పడుతుంది. ఒరుగు పెరిగి తగ్గడానికి 41 వేల ఏళ్లు, దారి మారి మళ్లీ మొదటికి రావడానికి సుమారు లక్ష ఏళ్లు. వీటి వల్ల భూమిలో ఏ చోట ఎంత ఎండ పడుతుందో మారుతుంది.

తర్వాత సెర్బియా దేశపు మిలాంకోవిచ్ ఈ లెక్కలు ఇంకా బాగా చేశాడు. చలికాలం ఎంత చలిగా ఉందన్నది కాదు, ఉత్తరాన ఎండాకాలం ఎంత వేడిగా ఉందన్నదే ముఖ్యమని చూపించాడు.

ఇది మన గాదె లెక్కే. పండిన ధాన్యం అంతా ఆ ఏడే తినేస్తే గాదె ఖాళీ. ఏటా ఒక బస్తా మిగిలితే, కొన్నేళ్లకు గాదె నిండుతుంది. చలికాలంలో మంచు కురవడం పంట. ఎండాకాలంలో కరగడం ఖర్చు. ఎండ తగ్గితే ఏటా కొంచెం మంచు మిగులుతుంది. వేల ఏళ్లు మిగిలితే అదే కొండంత అవుతుంది.

దీనికి తోడు ఇంకోటి ఉంది. ఎండలో నల్లచీర కడితే ఒళ్లు మండుతుంది. తెల్లచీర కడితే అంత వేడి ఉండదు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. నేల మంచుతో తెల్లబడితే ఎండను తిప్పికొట్టి ఇంకా చల్లబడుతుంది. ఇంకా మంచు పేరుకుంటుంది. ఇలా కొంచెం మార్పు పెద్ద మార్పు అవుతుంది.

గత 8 లక్షల ఏళ్లలో దాదాపు లక్ష ఏళ్లకొకసారి ఇలా మంచు పెరిగి తగ్గింది. చివరి మంచుకాలం సుమారు 11,700 ఏళ్ల కిందట ముగిసింది. మనుషులు విత్తనం వేసి పంట పండించడం నేర్చింది ఆ తర్వాతే.

మన రాళ్ల సంగతేమిటి?

తెలంగాణలో, రాయలసీమలో బండ మీద బండ పేర్చినట్టు గుట్టలు ఉంటాయి. వాటిని కూడా మంచే తెచ్చిందా? కాదు. అవి ఎక్కడినుంచీ రాలేదు. అక్కడి రాయే ఎండకు, వానకు పగులుబారింది. చుట్టూ ఉన్న మెత్తని భాగం కొట్టుకుపోయింది. గట్టి బండలు మిగిలాయి.

కానీ మన నేల మీద కూడా మంచు ఉన్న కాలం ఒకటి ఉంది. అది 20 వేల ఏళ్ల కిందట కాదు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట! అప్పటికి మనుషులే లేరు. మన దేశం ఇప్పుడున్న చోట లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే నేలగా, దక్షిణ ధ్రువం వైపు ఉండేది. ఆ పెద్ద నేలకు గోండ్వానా అని పేరు పెట్టారు. అది మన గోండుల సీమ పేరే.

ఆ మంచు గుర్తు మొదట ఒడిశాలోని తాల్చేరు దగ్గర దొరికింది. 1856లో అక్కడి రాళ్లను పరీక్షించిన వాళ్లకు మట్టిరాయిలో చిన్నవీ పెద్దవీ రాళ్లు చెరగకుండా కలిసిపోయి కనిపించాయి. తర్వాత మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర గీతలు పడిన బండ కూడా కనిపించింది. పెరోదాన్ చూసినలాంటి గీతలే. ఇలాంటి రాతిపొరే మన గోదావరి లోయలో, సింగరేణి బొగ్గు పొరల అడుగున ఉంది. మంచు పోయాక అక్కడ చిత్తడి అడవులు పెరిగాయి. ఆ అడవులు నేలలో పూడి కోట్ల ఏళ్లకు బొగ్గయ్యాయి.

ఇప్పటి సంగతి

ఆ బొగ్గుకూ ఇప్పటి మంచుకూ ఒక సంబంధం ఉంది.

దక్షిణ ధ్రువం దగ్గర అంటార్కిటికా అనే మంచు ఖండం ఉంది. అక్కడి మంచులో 3 కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వి ఐసు బయటికి తీశారు. ఆ ఐసులో చిన్న చిన్న గాలిబుడగలు ఉన్నాయి. అది పాతకాలపు గాలి. అందులో 8 లక్షల ఏళ్ల నాటి గాలి కూడా ఉంది! దాన్ని పరీక్షించారు.

మంచుయుగం గట్టిగా ఉన్నప్పుడు 10 లక్షల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 180 పాళ్లు ఉండేది. వెచ్చని కాలంలో సుమారు 280 పాళ్లు. ఈ వాయువు దుప్పటిలా భూమి వేడిని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు అది 420 పాళ్లు దాటింది. కారణం బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం. ఇంతవరకు ఎక్కువగా కాల్చింది ధనిక దేశాలు. వేడి మాత్రం అందరి మీదా పడుతోంది.

గత నూటయాభై ఏళ్లలో భూమి సగటున ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. "ఒక డిగ్రీయే కదా!" అనిపిస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె ఏమిటి? 5, 6 డిగ్రీల తేడాకే సముద్రం 400 అడుగులు తగ్గింది, దేశాలు మంచు కింద పడ్డాయి. ఆ మార్పు వేల ఏళ్ల మీద మెల్లగా జరిగింది. ఇది మన తాతల కాలం నుంచి మన కాలానికే జరిగింది. కాబట్టి ఒక డిగ్రీ చిన్న మాట కాదు.

స్విట్జర్లాండ్ మంచునదులు 2022, 2023 రెండేళ్లలోనే పదో వంతు కరిగిపోయాయి. 2025 మే 28న వాలే రాష్ట్రంలోనే, అంటే పెరోదాన్ రాష్ట్రంలోనే, బ్లాటెన్ అనే ఊరి మీద కొండరాళ్లు, మంచునది కలిసి విరిగిపడ్డాయి. ఊరు దాదాపు అంతా పూడిపోయింది. ఒకాయన చనిపోయాడు. కానీ ఊరివాళ్లు సుమారు 300 మంది బతికారు. ఎందుకంటే కొండ కదులుతోందని గమనించి, తొమ్మిది రోజుల ముందే వాళ్లను, వాళ్ల పశువులను ఊరు దాటించారు.

పెరోదాన్ మాట పండితుల చెవికెక్కడానికి 20 ఏళ్లు పట్టింది. బ్లాటెన్‌లో కొండ చెప్పిన మాటను తొమ్మిది రోజుల ముందే విన్నారు. ఊరు పోయినా ప్రాణాలు నిలిచాయి.

మనకు మంచుకొండలు లేవు. చెరువు ఉంది. బావి ఉంది. వాగు ఉంది. సముద్రం ఒడ్డు ఉంది. ఏ ఏడు బావిలో నీళ్లు ఎన్ని మెట్లు దిగాయో, సముద్రం ఒడ్డు ఎన్ని అడుగులు కోసుకుపోయిందో రోజూ నీళ్లు తెచ్చే మీకు బాగా తెలుసు. చూసింది గుర్తుపెట్టుకోండి. తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి. ఊరి సభలో అడగండి, చెప్పండి. "నీకేం తెలుసు?" అని ఎవరైనా అంటే, కొండ ఊరి వడ్రంగి కథ వాళ్లకు చెప్పండి.

కొత్త మాటలు

మంచుయుగం: భూమిలో చాలా భాగం మంచు కింద ఉన్న కాలం.

హిమానీనదం: మెల్లగా నడిచే మంచునది.

బొగ్గుపులుసు వాయువు: బొగ్గు, కట్టె, నూనె కాలినప్పుడు వచ్చే వాయువు. మనం ఊపిరి వదిలినప్పుడూ వస్తుంది.

మాట్లాడుకుందాం

1. బండ మీద గీతలు చూసి పెరోదాన్ ఏమని తెలుసుకున్నాడు?

2. వరద తెచ్చిన రాళ్లకూ, మంచు తెచ్చిన రాళ్లకూ తేడా ఏమిటి?

3. మంచు పెరిగితే సముద్రం ఎందుకు తగ్గుతుంది?

4. మీ చిన్నప్పటికీ ఇప్పటికీ మీ ఊరి చెరువులో, బావిలో, వానల్లో ఏం మార్పు వచ్చింది? పెద్దవాళ్లను అడిగి రాయండి.